సిద్ధంగా లేని ఆరుగురు

పని వచ్చిన పిల్లలకు పని రాదని రాసింది మీరే. మీలో ఒకరు కాలేజీలో ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఒకరు మిల్లులో ఫారం మీద టిక్కు పెట్టారు. ఇంకొకరు పై ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఆ టిక్కులన్నీ కూడి, ఈ వైపు పిల్లలు ఉద్యోగాలకు తయారుగా లేరని నివేదిక కట్టి పంపారు. చదివినవాళ్ళంతా తల ఊపారు. పిల్లలకు శ్రద్ధ లేదన్నారు. ఆ టిక్కు ఎట్లా పడిందని ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను, వినండి.

కర్నూలుకు పడమర మగ్గాల ఊరొకటి. అక్కడి సర్కారు కాలేజీలో ఇంటర్ ఒకేషనల్ చేనేత కోర్సు ఉంది. రెండో సంవత్సరం పరీక్షలు రాసిన పిల్లలు పన్నెండు మంది. వాళ్ళను పది వారాల ఇంటర్న్‌షిప్ కోసం కడప అవతల కమలాపురం రోడ్డులో ఉన్న పవర్‌లూమ్ మిల్లుకు పంపారు. మోటారు విప్పి బిగించడం, కంప్యూటర్లో డిజైన్ గీయడం, గుడ్డలో తప్పు పట్టడం నేర్పిస్తామని కాగితంలో ఉంది. కాగితానికేం, ఏమైనా మోస్తుంది.

మొదటి రోజు సూపర్‌వైజర్ ఓబుళేశు పన్నెండు మందినీ వరసగా నిలబెట్టాడు. జేబులో మూడు పెన్నులు, మెత్తని మాట.

"మీలో ఎవరింట్లో మగ్గం ఉండాది? సిగ్గుపడాకండి, నిజం జెప్పండి."

ఆరు చేతులు లేచాయి.

"అచ్చు అతికేది ఎవరికొచ్చు?"

మళ్ళీ అవే ఆరు చేతులు.

అచ్చు అతకడమంటే తెలియనివాళ్ళకు చెప్తాను. మగ్గం మీద నిలువుగా బిగించిన పాత పడుగు అయిపోవస్తున్నప్పుడు, దాని ఒక్కో పోగు కొసకు కొత్త పడుగు పోగు ఒక్కోటి కలిపి, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కటి తప్పితే గుడ్డలో గీత పడుతుంది. పెద్ద మిల్లుల్లో దానికి యంత్రం ఉంటుంది. ఈ మిల్లులో లేదు.

"శానా మంచిది. మీరారుమంది నాతో రాండి. తక్కినోళ్ళు ఆఫీసు కాడ కూర్చోని టీ తాగండి," అన్నాడు ఓబుళేశు.

ఆ ఆరుగురిలో ఒకతైన పద్మశ్రీ, తన పక్కనున్న శివలీల మోచేతిని గిల్లింది. "మనింట్లో మగ్గముంటే ఈయనకేం పనే?"

"తెలిసినోళ్ళకు ముందు నేర్పిస్తాడేమో."

"తెలిసినోళ్ళకు నేర్పేదేందే?"

పద్మశ్రీ అంతే, ఎవరు నవ్వినా ఎందుకు నవ్వారని ఆలోచిస్తుంది. శివలీలకు ఆ గుణం లేదు. ఎనిమిదో ఏటినుంచి అవ్వ మద్దమ్మ పక్కన కూర్చుని అచ్చు అతికిన పిల్ల. పెద్దవాళ్ళు చెప్పారంటే చేస్తుంది. అందుకే దెబ్బ ఆ పిల్లకే ఎక్కువ తగిలింది.

పది వారాల్లో ఆ ఆరుగురు చేసింది అచ్చు అతకడమే. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరుకు లేవడం. మోటారు మూత కూడా ఎవరూ తెరిచి చూపలేదు. కంప్యూటర్ గది తాళం ఓబుళేశు మొలతాడుకే ఉండేది. తక్కిన ఆరుగురు ఆఫీసు వరండాలో కూర్చుని, గుడ్డ బేళ్ళ మీద చీటీలు అంటించి, మిగతా సేపు ఫోన్లు చూసుకున్నారు. వాళ్ళలో సోమశేఖర్ ఒకడు. వాళ్ళ నాయనది ఊళ్ళో సెల్లు రిపేరు అంగడి. మార్కులు తక్కువై చేనేతలో పడ్డాడు.

"మేమూ నేర్చుకుంటాండాం ఈడ," అనేవాడు అన్నం కాడ. "నిన్న చీటీ తలకిందులుగా అంటిస్తిని. ఈరోజు నేరుగా అంటిస్తిని."

మగ్గం తోలే హనుమన్న కమలాపురం మనిషి, యాభై దాటినవాడు. మూడో వారంలోనో ఏమో అతనే మాటల్లో అన్నాడు. "అచ్చు అతికే ఆడోళ్ళు ఈడ ఆరుమంది ఉండ్రి. ఉగాదికి కూలి పెంచమన్న్యారు. రావాకండని పంపిచ్చినారు. మళ్ళ మీరొచ్చినారు."

"ఆరుమందా?" అంది పద్మశ్రీ.

"ఆరుమందే."

పద్మశ్రీ బూడిద వేలితో తమ వరసను లెక్కపెట్టింది.

శివలీలకు ఒక పద్ధతి ఉంది. పడుగంతా అతికి, ఆఖరి పోగొక్కటి వదిలేస్తుంది. మద్దమ్మ నేర్పిన పద్ధతి అది. ఆ పడుగు మీద నేయబోయే మనిషి వచ్చి, అతుకులన్నీ చేత్తో తడిమి చూసుకుని, ఆ ఒక్క పోగు తానే అతుక్కోవాలి. అతికాడంటే పని బాగుందని ఒప్పుకున్నట్టు. తర్వాత అతికినామెను ఒక మాట అనడానికి లేదు. వాళ్ళింట్లో సంతకం కింద లెక్క.

మిల్లులో మొదటి పడుగు అయిన రోజు కూడా అట్లాగే ఒక పోగు వదిలి, హనుమన్నను పిలిచింది. అతను తడిమి చూసి, నవ్వి, ఆ పోగు అతికాడు. "మా యమ్మ గూడ ఇట్లనే ఇడుస్తాండె," అన్నాడు. అప్పటినుంచి రోజూ అదే వరస. ఓబుళేశు అది చూశాడు. సంగతేమిటని అడిగాడు. శివలీల సంతోషంగా చెప్పింది. అతను జేబులోంచి పెన్ను తీసి చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

"ఏం రాసుకుంటాండాడే?" అంది పద్మశ్రీ.

"మన పద్ధతి రాసుకుంటాండాడు. మంచిదే గదా."

"మంచిది రాసుకునేవాడు తేదీ ఎందుకేస్తాడే?"

ఏడో వారంలో శివలీలకు ఇంటినుంచి కబురొచ్చింది. వెంకటగిరిలో చేనేత డిప్లొమా సీటు వచ్చింది. ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు, పనికి సిద్ధమని మిల్లు రాసిన సర్టిఫికెట్ ఈ నెల ఇరవై ఎనిమిదికి అందాలి. అందకపోతే సీటు వెనకున్నవాళ్ళకు పోతుంది. వాళ్ళింట్లో మగ్గం తప్ప ఇంకో దారి పట్టిన మొదటి మనిషి ఆ పిల్లే అవుతుంది.

అదే వారం కాలేజీ లెక్చరర్ ఉమామహేశ్వర వాట్సాప్ గ్రూపులో విద్యార్థుల అభిప్రాయ పత్రం పంపాడు. ఈ ఇంటర్న్‌షిప్ వల్ల నేను పనికి సిద్ధమయ్యాను, ఒకటి నుంచి అయిదు లోపల టిక్కు పెట్టండి. పత్రం వెనకాలే సారు గొంతు వచ్చింది.

"అందరూ అయిదు పెట్టండి. కింద ఖాళీ ఉంది చూడండి, అక్కడ 'నేను ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉంది, అవకాశమిచ్చిన యాజమాన్యానికి కృతజ్ఞతలు' అని రాయండి. వినయంగా ఉంటే మార్కులు బాగా పడతాయి."

పద్మశ్రీ రెండు మీద పెట్టింది. అరగంటలో సారు ఫోన్. "ఏమ్మా, కాలేజీ పేరు చెడగొట్టేదానికి పుట్టినావా?" తీసేసి అయిదు పెట్టింది. పన్నెండు మందీ అయిదే. పన్నెండు మందీ కింద అదే వాక్యం రాశారు. పిల్లల అభిప్రాయం అని మీరు పై ఆఫీసులో కూడుకున్నది ఇదే. చెప్పించి రాయించిన అభిప్రాయాన్ని మళ్ళీ శాతాలు కట్టారు చూడండి, దానికి ధైర్యం కావాలి.

ఇరవయ్యో తేదీన ఓబుళేశు పరీక్ష అన్నాడు. ఒక్కొక్కర్నీ ఆఫీసులోకి పిలిచి, పేరడిగి, ఊరడిగి, పొమ్మన్నాడు. పోగు ముట్టనివ్వలేదు. ఇరవై మూడున కాగితాలు పంచాడు.

సోమశేఖర్ తన కాగితం రెండుసార్లు చదివాడు. "నేను సిద్ధమంట. దేనికో మాత్రం రాయలేదు."

శివలీల కాగితంలో 'సిద్ధంగా లేదు, మరో ఆరు నెలల శిక్షణ ఇదే మిల్లులో అవసరం' అని ఉంది. ఆ పిల్ల ముందు తననే అనుమానించుకుంది. ఎక్కడైనా పోగులు తెగాయేమో, గుడ్డలో గీతలు పడ్డాయేమో, ఎవరూ చెప్పలేదేమో అనుకుంది. మన పిల్లల్ని మనం ఇట్లా తయారుచేశాం. ఎదుటివాడు దొంగ లెక్క చూపిస్తే తమ చేతులు చూసుకుంటారు.

పద్మశ్రీ అట్లా చూసుకోలేదు. పన్నెండు కాగితాలూ అడిగి తీసుకుని, మిల్లువాళ్ళు ఉండడానికిచ్చిన గదిలో మంచం మీద రెండు వరసలు పేర్చింది.

"నాది సిద్ధం లేదు. నీది లేదు. మగ్గమున్న ఇండ్లోళ్ళు ఆరుమందిమీ లేదు. సోమశేఖర్‌ది సిద్ధం. వరండాలో కూర్చున్న్యోళ్ళందరూ సిద్ధం."

"నన్నెందుకు దాంట్లోకి ఈడుస్తాండావు?" అన్నాడు సోమశేఖర్.

"నీకు ఒక ముడి వేసేదొస్తాదా?"

"చెప్పులకు వేసుకుంటా."

"పని రానోళ్ళను పంపిస్తాండారు. వచ్చినోళ్ళను పట్టుకుంటాండారు. అర్థమాయెనా మీకు?"

అర్థమైంది. అయినా శివలీల అడుగుదామంది. ఇద్దరూ ఆఫీసుకు పోయారు. ఓబుళేశు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"నా పనిలో తప్పేముండాదన్నా?"

అతను చిన్న పుస్తకం తీశాడు. "జూలై పదైదు, పని పూర్తి చేయలేదు, ఒక పోగు వదిలేసింది. పదహారు, ఒక పోగు వదిలేసింది. పదిహేడు. ఇట్ల ఎన్ని జూపియ్యల్లమ్మా? పనిని ఆఖరిదాకా తీసకపోయే ఓర్పు నీకు లేదు."

"అదెందుకో మీకు చెప్పినా గదన్నా."

"నువ్వు జెప్పింది నాకు తెల్సు. ఫారంలో దానికి జాగా లేదు." ఇంకో కాగితం ముందుకు జరిపాడు. "ఇది నీ రాతే గదా? ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉందని నువ్వే రాసినావు. నేను గాదనలేదు."

"ఇరవై ఎనిమిదికి నా సీటు పోతాదన్నా."

"సీటు ముందర పని ముఖ్యం. ఆరు నెల్లు ఎంతసేపమ్మా, కండ్లు మూసి తెరిస్తే అయిపోతాది. దసరా ఆర్డర్లు గూడ ఉండాయి."

దసరా మాట అతను నోరు జారి అన్నాడో, ఆడపిల్లలకేం అర్థమవుతుందిలే అని అన్నాడో తెలియదు. పద్మశ్రీ మాత్రం గుమ్మం దాటాక అంది. "దసరాకు మన చేతులు కావాలంట. నిజం నోట్లోంచే వచ్చె సూడు."

శివలీల మిద్దె మీదికి పోయి అవ్వకు ఫోన్ చేసింది.

"అవ్వా, నేను పని పూర్తి చేయలేదని రాసినారు."

"యా పని?"

"ఆఖరి పోగు."

అవతల మద్దమ్మ అడిగింది, "ఆ పోగు ఎవరు అతికినారు?"

"మగ్గం తోలే హనుమన్న."

"ఒక్కరోజన్నా అతకనన్న్యాడా?"

"లేదవ్వా."

"మళ్ళింకేం. నేసేటోడు ఒప్పుకున్న్యాంక నడుమ రాసేటోడు యెవుడు? నూలు ముట్టినోడా వాడు?"

"సూపర్‌వైజరు."

"అంటే?"

"జేబులో మూడు పెన్నులుంటాయవ్వా," అంది శివలీల.

"నీ చేతులకేం కాలేదు," అంది మద్దమ్మ. "పొయ్యి పడుకో."

ఇరవై అయిదు పొద్దున తొమ్మిదికి నాలుగు మగ్గాల మీద పడుగు అయిపోవస్తోంది. ఆరుగురూ వచ్చారు, ఎప్పటిలాగే కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. బూడిద గిన్నె ముట్టలేదు. పదింటికి ఓబుళేశు వచ్చాడు.

"ఏమ్మా, ఇంగా మొదలుపెట్టలేదే?"

శివలీల లేచి నిలబడింది. "మేమింకా సిద్ధంగా లేమన్నా. మీరే రాసినారు. పని పాడైతే మిల్లుకు నష్టం. సిద్ధమైనోళ్ళు ఆరుమంది వరండాలో ఉండారు, పిలవండి."

ఓబుళేశు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. పదకొండుకు మొదటి మగ్గం ఆగింది. వరండాలోంచి సోమశేఖర్‌ను, ఇంకో ముగ్గురిని పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. సోమశేఖర్ బూడిద చూసి "ఇది బొట్టు పెట్టుకునేదానికా?" అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి నలుగురూ కలిసి నలభై పోగులు అతికారు. హనుమన్న మగ్గం ఒక్కసారి తోలాడు. ముప్పై తెగిపోయాయి. అప్పటికి నాలుగు మగ్గాలూ నిలిచిపోయాయి. పది వారాల్లో మొదటిసారి ఆ షెడ్డులో మగ్గాల మోత లేకుండా మాట వినబడింది.

"సిద్ధమైనోళ్ళు బాగ చేసినారు," అన్నాడు హనుమన్న గట్టిగానే. ఓబుళేశు విననట్టు పోయాడు.

సాయంత్రం ఉమామహేశ్వర సారు అద్దె కారులో దిగాడు. పది వారాల్లో ఒక్కసారి కూడా పిల్లల్ని చూడడానికి రాని మనిషి. నాలుగు మగ్గాలు ఆగితే అయిదు గంటల్లో వచ్చాడు.

"ఏందమ్మా ఇది? సమ్మె చేసేదానికి పంపించినామా మిమ్మల్ని?"

"సమ్మె కాదు సార్. మాకు పని రాదంట," అంది పద్మశ్రీ.

"మాటలు నేర్చినావు. శివలీలా, నువ్వు బుద్ధిమంతురాలివి. మీ అవ్వ ముఖం చూసి చెప్తాండా. ఆరు నెలలు చెయ్యి, తర్వాత నేనే మంచి సర్టిఫికెట్ ఇప్పిస్తా."

"అప్పటికి సీటుండదు సార్."

"వచ్చే ఏడు చూసుకోవచ్చు. ఇది నా చేతిలో లేదమ్మా, పైనుంచి ఒప్పుకున్న పని." అంటూ ప్లాస్టిక్ ఫైలులోంచి ఒక లెటరు తీసి, దూరం నుంచి చూపించాడు. గవర్నమెంటు ముద్ర చూస్తే పిల్లలు అణుగుతారనుకున్నాడు. "చూడు. అదనపు శిక్షణ అవసరమైన ఆరుగురు అభ్యర్థులకు పొడిగింపు. సంతకాలన్నీ అయినాయి."

పద్మశ్రీ మెడ సాచి చదివింది. "సార్, తేదీ ఏందది?"

"ఏదో తేదీలే."

"రెండో తేదీ సార్. మాకు పరీక్ష పెట్టింది ఇరవైన. మాలో ఆరుమంది పనికిరారని మీకు రెండో తేదీకే ఎట్ల తెలిసె?"

సారు లెటరు మడిచేశాడు. ఆలస్యమైపోయింది. వెనక సోమశేఖర్ ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏం తీసినావురా?"

"ఫొటో సార్. ఈ పది వారాల్లో నేను నేర్చుకునింది అదొక్కటే."

"అది డిలీట్ చెయ్యి. నీ సర్టిఫికెట్ గూడ నా చేతిలోనే ఉండాది."

సోమశేఖర్‌కు నాయన గుర్తొచ్చాడేమో. ఫోన్ తీశాడు, చూశాడు. "గ్రూపులో పెట్టేసినా సార్," అన్నాడు చిన్నగా. ఉమామహేశ్వర సారే అభిప్రాయ పత్రం పంపిన గ్రూపు అది, ఇళ్ళవాళ్ళ నంబర్లు కూడా ఉన్నది. పన్నెండు ఇళ్ళలోనూ ఆ ఫొటో తెరుచుకుంది.

సారు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి వేరే గొంతుతో మాట్లాడాడు. "నామీద గూడ ఒత్తిడి ఉందమ్మా. ప్రతి కాలేజీ పొడిగింపు చూపించాలంటారు. పిల్లల్ని తీసుకునే మిల్లు దొరకడమే కష్టం. వీళ్ళను పోగొట్టుకుంటే వచ్చే బ్యాచిని ఎక్కడికి పంపించేది?"

అతను అబద్ధం చెప్పలేదు. నాకు జాలి మాత్రం కలగలేదు. వచ్చే బ్యాచి కోసమని ఈ బ్యాచిని అమ్మినవాడు, వచ్చే బ్యాచినీ అమ్ముతాడు.

శివలీల అప్పుడు మాట్లాడింది. "నాకు జాలి సర్టిఫికెట్ వద్దు సార్. పరీక్ష పెట్టండి. పన్నెండు మందికీ పెట్టండి. నాకు రాకపోతే ఆరు నెలలు కాదు, ఏడాది చేస్తా ఈడ."

"పరీక్ష అయిపోయింది గదమ్మా," అన్నాడు ఓబుళేశు గుమ్మంలోంచి.

"పేరు, ఊరు అడిగినారు. పేరు, ఊరు బాగానే చెప్పినా గదన్నా."

హనుమన్న నవ్వాడు. మిల్లులో ఇంకెవరూ నవ్వలేదు. సారు ఆ రాత్రికే కారెక్కి కర్నూలు పోయాడు, ఆలోచిస్తానని. ఆరుగురూ పొద్దున మళ్ళీ షెడ్డులో కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మగ్గాలు నడవడం లేదు. ఫొటో ఊరంతా తిరిగి నా దగ్గరికీ వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఈరోజు ఇరవై ఆరు. ఇంకా రెండు రోజులున్నాయి. రెండో తేదీన రాసిన ఆ లెటరు ఈరోజే చించండి. రేపు పొద్దున మిల్లు ముందర బయట అందరూ చూసేచోట పడుగు కట్టండి. పన్నెండు మందినీ కూర్చోబెట్టండి. టిక్కు పెట్టే ఓబుళేశు ముందు తాను కూర్చుని పది పోగులు అతకాలి, తెగకుండా. అతకలేనివాడి చేతికి పెన్ను ఇవ్వొద్దు. అతికిన పడుగును తడిమి చూసి చెప్పేది హనుమన్న, ఎందుకంటే దాని మీద నేసేది అతను. అతను బాగుందంటే అక్కడికక్కడే సంతకం పెట్టి, శివలీల సర్టిఫికెట్ ఒక మనిషి చేతికిచ్చి వెంకటగిరి బస్సెక్కించండి. పోస్టులో వేస్తామనొద్దు, మీ పోస్టు మాకు తెలుసు. పై ఆఫీసులో ఉన్నవాళ్ళు ఆ శాతాలు పట్టుకుని రేపు ఈ షెడ్డుకు రండి. పిల్లల్ని నిలబెట్టి కాదు, వాళ్ళ పక్కన నేల మీద కూర్చుని అడగండి, మీరు ఏం నేర్చుకున్నారని. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. అంతవరకూ ఆ ఆరుగురిలో ఒక్కరి చేత కూడా ఒక్క పోగు ముట్టించొద్దు.